సెకండ్ హ్యాండ్ ఈవీ కారుతో వచ్చిన చార్జింగ్ అడాప్టర్ రీకాల్ అయిందా? ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళకి మొదటి నుంచి చివరి దాకా

పోయిన వానాకాలంలో ఓ రాత్రి పదకొండింటికి గుణుపురం నుంచి మా బావమరిది ఫోన్. "బావా, ప్లగ్గు దగ్గర ఏటో కాలిన వాసనొస్తంది, బండి మాత్రం చార్జ్ అవుతానే ఉంది, ఏటి చెయ్మంటావ్" అన్నాడు. ముందు మీటర్ దగ్గర ఎంసీబీ స్విచ్ దించెయ్, తర్వాత మాట్లాడదాం అన్నాను. పొద్దున్న చూస్తే మూడు పిన్నుల ప్లగ్గులో ఒక పిన్ను నల్లగా, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగి ఉంది. కారు విశాఖలో కొన్నాడు, మూడేళ్ళ బండి, ఏపీ 39 నంబర్. కంపెనీకి ఫోన్ చేస్తే తేలిందేటంటే ఆ అడాప్టర్‌ని వాళ్ళు ఎనిమిది నెలల కిందటే వెనక్కి పిలిచారట, మెసేజ్ కూడా పంపారట. ఎవరికి? మొదటి ఓనర్‌కి. ఆయన్ని పట్టుకుంటే, "వచ్చిందండీ, కారు అమ్మేశాను కదా నాకెందుకని డిలీట్ చేసేశాను" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు.

అసలు సమస్య ఇదే. రీకాల్ కబురు కారు వెంట రాదు, కొన్నవాడి ఫోన్ నంబర్ వెంట పోతుంది. ఇంకో తిరకాసు ఏటంటే అడాప్టర్ అనేది కారులో బిగించిన సామాను కాదు, డిక్కీలో సంచిలో పడుండేది, దానికి దాని సొంత సీరియల్ నంబర్ ఉంటుంది, అది ఏ కారుతో పుట్టిందో ఏ కారు డిక్కీలో తేలిందో ఎవరికీ తెలీదు. అందుకని సెకండ్ హ్యాండ్‌లో కొన్నోళ్ళు రెండు విచారణలు చెయ్యాలి, ఒకటి కారు నంబర్ మీద, రెండోది అడాప్టర్ నంబర్ మీద. చాలామంది మొదటిది చేసి ఆగిపోతారు.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ అడాప్టరో తేల్చుకోండి

మన వైపు అడాప్టర్ అన్న మాటకి అర్థం ఒకటి కాదు. కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జర్‌కి గోడ వైపు ఉండే తోక ముక్క, అంటే మూడు పిన్నుల పదిహేను యాంప్స్ ప్లగ్గు, కొన్నిట్లో ఇది ఊడదీసి వేరేది పెట్టుకునేలా ఉంటుంది, అదొక రకం. కొట్లో కొన్న కన్వర్టర్, అంటే నీలం రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గుని మూడు పిన్నుల సాకెట్‌లోకి మార్చేది, ఇది రెండో రకం. గన్ను, అంటే కారులో గుచ్చే మూతి, ఆ వైపు పెట్టేది మూడోది, ఒక రకం గన్నుని ఇంకో రకం పోర్ట్‌కి మార్చేవి అట్లాంటివి, ట్యాక్సీలకి తిరిగిన పాత ఈవీలు కొన్నోళ్ళ దగ్గర కనపడతాయి. ఇంకా కారు నుంచే కరెంటు బయటికి తీసి మిక్సీ, ఫ్యాను నడిపే అడాప్టర్ కూడా ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఇదెందుకు చెప్తున్నానంటే బాధ్యత ఎవరిదన్నది దీన్నిబట్టే మారిపోతుంది. కారుతో పాటు కంపెనీ ఇచ్చిందైతే కారు కంపెనీ జవాబు చెప్పాలి. ఆన్‌లైన్‌లోనో ఎలక్ట్రికల్ కొట్లోనో కొన్నదైతే అది తయారు చేసినోడు, అమ్మినోడు జవాబు చెప్పాలి, దాని కోసం కారు షోరూంకి వెళ్ళి గొడవ పెట్టుకుంటే టైం వేస్టు. మా వాడి డిక్కీలో రెండు దొరికాయి, ఒకటి కంపెనీది, ఒకటి ఊరూ పేరూ లేనిది. రెండోది ఇప్పుడు లేదు, కట్టర్‌తో వైరు కోసేశాం.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, గన్నుకీ కారు పోర్టుకీ మధ్య అడాప్టర్ పెట్టడం, చార్జింగ్ వైరుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించడం కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలే వద్దంటాయి. కాబట్టి అలాంటిది మీ బండితో వస్తే రీకాల్ ఉన్నా లేకపోయినా పక్కన పెట్టేయడమే.

వాడకం ఆపడం ఎలాగో

అనుమానం వచ్చిన నిమిషం నుంచి వాడొద్దు. "ఈ ఒక్క రాత్రికి పెట్టుకుందాం, రేపు బరంపురం వెళ్ళాలి" అనేదే కొంప ముంచేది. ఆపేటప్పుడు వరస ఉంది: కారులోనో యాప్‌లోనో చార్జింగ్ ఆపండి, తర్వాత గోడ స్విచ్ ఆఫ్ చెయ్యండి, తర్వాత గన్ను తియ్యండి, ఆఖర్న ప్లగ్గు పీకండి. ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పొగ కనపడినా ఈ వరస అంతా ఒగ్గేసి తిన్నగా మీటర్ దగ్గరున్న ఎంసీబీ దించెయ్యండి, చల్లారాక చూసుకోవచ్చు. మంట అంటుకుంటే కరెంటు ఉండగా నీళ్ళు పొయ్యొద్దు, డ్రై పౌడర్ సిలిండర్ ఉంటే వాడండి, లేకపోతే బయటికొచ్చేసి 112కి ఫోన్ చెయ్యండి.

ప్లగ్గు దగ్గరే ఎందుకు కాలుతుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే తర్వాత చెప్పేవన్నీ అర్థమవుతాయి. మామూలు పోర్టబుల్ చార్జర్ పదిహేను, పదహారు యాంప్స్ లాగుతుంది, అంటే 3.3 కిలోవాట్ల దాకా. గీజర్ కూడా అంతో ఇంతో అంతే లాగుతుంది కదా అంటారు, కానీ గీజర్ ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది, 30 కిలోవాట్ అవర్ల బ్యాటరీ సున్నా నుంచి నింపాలంటే తొమ్మిది పది గంటలు ఏకబిగిన అదే లోడ్ నడవాలి. పిన్నుకీ సాకెట్ రేకుకీ మధ్య పట్టు సడలి అక్కడ పదో వంతు ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి, లెక్క చూడండి, 16 ఇంటూ 16 ఇంటూ 0.1 అంటే 25.6 వాట్ల వేడి ఆ చిటికెన వేలంత జాగాలో పుడుతుంది. రేడియో రిపేర్ కొట్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ ఉంటుందే, అది 25 వాట్లదే! అలాంటిది రాత్రంతా మీ గోడలో గుచ్చి పెట్టినట్టు. అదే 10 యాంప్స్‌కి తగ్గిస్తే వేడి 10 వాట్లకి పడిపోతుంది, సగం కంటే తక్కువ. రీకాల్ అయిన అడాప్టర్లలో ఎక్కువగా దొరికేది ఇలాంటి లోపమే, లోపల జాయింట్ సరిగ్గా లేకపోవడం, వేడిని కనిపెట్టే సెన్సార్ లేకపోవడమో పనిచెయ్యకపోవడమో.

నంబర్లు రాసుకోండి, ఫొటోలు తియ్యండి

కారుది చాసిస్ నంబర్, పదిహేడు అక్షరాలు, ఆర్సీలో ఉంటుంది, అద్దం కింద మూలనో డోర్ పిల్లర్ మీదో కూడా ఉంటుంది. ఇందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, కాబట్టి గుండ్రంగా కనపడేది సున్నాయే, నిలువు గీత కనపడితే ఒకటే. ఫోన్లో చెప్పేటప్పుడు ఇక్కడే తప్పు దొర్లుతుంది, తప్పు నంబర్ చెప్తే "మీ బండికి రీకాల్ ఏం లేదు సార్" అని పెట్టేస్తారు, మీరు నిజమనుకుని మళ్ళీ అదే ప్లగ్గు గుచ్చేస్తారు.

అడాప్టర్‌ది పార్ట్ నంబర్, సీరియల్ నంబర్, తయారైన తేదీ. పోర్టబుల్ చార్జర్‌కి మధ్యలో ఇటుకలాంటి డబ్బా ఉంటుంది కదా, దాని వెనక లేబుల్ మీద చూడండి, ఊడే తోక ముక్కకి విడిగా ఇంకో చిన్న లేబుల్ ఉండొచ్చు, దానిది వేరే రాసుకోవాలి. లేబుల్ అరిగిపోతే గోళ్ళతో గీకొద్దు, టార్చ్ లైట్ పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీస్తే అక్షరాలు పైకి తేలతాయి. కాలిన పిన్ను, సాకెట్ రెండు వైపులా, మొత్తం సెట్టు, అన్నీ ఫొటోలు తీసి మీకే వాట్సాప్‌లో పంపుకోండి, తేదీ ఉండిపోతుంది. శుభ్రం చెయ్యొద్దు, సాండ్ పేపర్‌తో రుద్దొద్దు. మా ఊరి ఎలక్ట్రీషియన్ అయితే చూసీ చూడగానే "ఏటవదు బాబూ, పిన్ను మార్చేద్దాం, నూటయాభై అవుద్ది" అన్నాడు. మార్చేస్తే సాక్ష్యం పోయినట్టే, కంపెనీ వాడు "మీరే విప్పారు" అంటాడు.

రీకాల్ ఉందో లేదో వెతకడం

ముందు కారు కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ పేజీలో చాసిస్ నంబర్ కొట్టి చూడండి. వాహన కంపెనీల సంఘం సియామ్ 2012 జూలై నుంచి కంపెనీలు తమంతట తాము చేసే రీకాల్‌కి పద్ధతి పెట్టింది, వాళ్ళ సైట్‌లో రీకాల్స్ జాబితా ఉంటుంది, అదీ చూడండి. అక్కడ లేకపోతే లేదని అనుకోవద్దు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ మాట ఇలాగే అడగండి: "చాసిస్ నంబర్ మీద కాదండీ, ఈ పార్ట్ నంబర్, ఈ సీరియల్ నంబర్ ఉన్న చార్జింగ్ కేబుల్ మీద ఏదైనా సర్వీస్ క్యాంపెయిన్ ఉందా చెప్పండి". రీకాల్ అన్న మాట వాడడానికి చాలా కంపెనీలకి నోరు రాదు, సర్వీస్ క్యాంపెయిన్, ఫ్రీ చెకప్ అని పేర్లు పెడతారు, అందుకే రెండు మాటలూ వాడి అడగాలి. ఫోన్ అయ్యాక అదే విషయం మెయిల్ కొట్టండి, రాతలో జవాబు రావాలి.

ఈ రెండు విచారణలూ ఎందుకంటే పాత సంగతులు చూడండి. మన దేశంలో 2020 డిసెంబర్‌లో హ్యుందాయ్ 456 కోనా కార్లని బ్యాటరీ కోసం పిలిచింది, 2024లో 1,744 ఐయానిక్ 5 కార్లని చార్జింగ్ కంట్రోల్ యూనిట్ కోసం పిలిచింది, అవన్నీ కారులో బిగించి ఉన్నవి, చాసిస్ నంబర్ కొడితే తేలిపోతుంది. అదే అమెరికాలో టెస్లా 2014 జనవరిలో 29,222 మోడల్ ఎస్ కార్ల చార్జింగ్ అడాప్టర్లు వేడెక్కుతున్నాయని రీకాల్ చేసి, సాఫ్ట్‌వేర్‌తో కరెంటు తగ్గించి, కొత్త అడాప్టర్లు ఇచ్చింది. 2016లో మళ్ళీ ఇంకో మూడు రకాల అడాప్టర్లని వెనక్కి తీసుకుంది, అవి జనం విడిగా కొనుక్కున్న సామాన్లు. 2024లో ఫోర్డ్ కూడా తాను పంచిన ఫాస్ట్ చార్జింగ్ అడాప్టర్లు కొన్నిటిని వాడొద్దు, వెనక్కి పంపండి అంది. విడిగా అమ్మిన దాని సంగతి ఏ కారు చాసిస్ నంబర్ చెప్తుంది చెప్పండి?

విదేశీ సరుకు ఎవరైనా తెచ్చి ఇచ్చిందైతే ఆ దేశం లెక్కలు చూడాలి. అమెరికా సరుకుకి అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో వాహనాలే కాకుండా ఎక్విప్‌మెంట్ అని వేరే వెతకొచ్చు, యూరప్‌దైతే సేఫ్టీ గేట్ అని ఉంది. అయినా అక్కడి ప్లగ్గులు మన సాకెట్లకి పట్టవు, దాని మీద ఇంకో కన్వర్టర్ పెట్టి వాడేవాళ్ళకి ఓ దండం.

ఇంకో తికమక కూడా తీర్చేస్తాను. 2023లో కొన్ని స్కూటర్ కంపెనీలు చార్జర్ డబ్బులు వాపసు ఇచ్చాయి, అది రీకాల్ కాదు, ధర విడిగా వసూలు చేసిన గొడవ. దాన్ని చూపించి "నా కారు చార్జర్‌కి కూడా డబ్బులివ్వండి" అంటే నవ్వుతారు.

మీ పేరు ఎక్కించుకోవడం

ఇదే అందరూ బద్ధకించే పని, మన బోర్డర్ వాళ్ళకి మరీను. విశాఖలోనో విజయనగరంలోనో కొన్న ఏపీ బండి రాయగడలో ఏళ్ళ తరబడి పాత పేరు మీదే తిరుగుతుంటుంది. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి, అంటే రాయగడ అయితే ఓడీ 18, గజపతి జిల్లా అయితే ఓడీ 20. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, పేరు మార్పుకి ఫారం 29, 30, ఫైనాన్స్ ఉంటే బ్యాంకు కాగితం. ఏజెంటు చేతిలో పెట్టినా సరే, మొబైల్ నంబర్ గడిలో మీ నంబర్ పడిందో లేదో మీ కళ్ళతో చూసుకోండి, ఏజెంట్లు తమ నంబరే కొట్టేస్తుంటారు.

కానీ ఆర్సీ మారినంత మాత్రాన కంపెనీ రికార్డు మారదు, ఆ రెండూ వేర్వేరు పుస్తకాలు. కంపెనీకి ఆర్సీ కాపీ, అమ్మకం కాగితం, మీ ఐడీ, మీ నంబర్ పెట్టి ఓనర్ వివరాలు మార్చమని మెయిల్ చెయ్యాలి. యాప్‌లో పాత ఓనర్ లాగిన్ ఉంటే అది కూడా తీయించాలి, లేకపోతే మీ బండి ఎక్కడుందో విశాఖలో కూర్చుని ఆయన చూస్తుంటాడు, అదో వేరే కథ. ఆర్సీ ఇంకా మారకపోయినా రీకాల్ పని ఆగదు, బండీ అడాప్టరూ మీ దగ్గరున్నాయని చూపిస్తే చాలాచోట్ల చేస్తారు, మొదటి ఓనర్ నుంచి "కారు ఫలానా వారికి అమ్మాను" అని ఒక మెయిల్ పెట్టించుకుంటే ఇంకా సులువు. కొనేటప్పుడే ఆయన నంబర్ దాచుకోండి, "ఏదైనా మెసేజ్ వస్తే కొంచెం నాకు పంపండి సార్" అని ఒక మాట వేసి ఉంచండి.

మార్పించుకోవడం

రీకాల్ అంటే పైసా కట్టక్కర్లేదు, వారంటీ అయిపోయిందా లేదా అన్నది దానికి సంబంధం లేదు. గుణుపురం నుంచి సర్వీస్ సెంటర్ అంటే బరంపురమో విశాఖో పోవాలి, ఒక ప్లగ్గు కోసం కారు వేసుకుని అంత దూరం ఎందుకు, కొరియర్‌లో పంపండని అడగండి, అడిగితే పంపుతున్నారు. మా వాడికి మొదట కాదన్నారు, "అసలు చార్జరే వాడొద్దని మీరే చెప్పి, కారు నడిపించుకు రమ్మంటే ఎలా వస్తానండీ" అన్నాక ఒప్పుకున్నారు.

పాతది ఊరికే ఇచ్చెయ్యకండి. పాత సీరియల్ నంబర్, క్యాంపెయిన్ నంబర్, కొత్త సీరియల్ నంబర్ మూడూ రాసిన జాబ్ కార్డ్ చేతిలో పడ్డాకే ఇవ్వండి. పాతది పనికి రాకుండా చేసి ఫొటో పంపమన్నారంటే, కరెంటు నుంచి పూర్తిగా తీసి ఉన్నప్పుడే వైరు కోసెయ్యండి. ఎట్టి పరిస్థితుల్లో పాత సామాను బండి వాడికి వెయ్యొద్దు, వాడు దాన్ని తుడిచి సంతలో ఇంకోడికి అమ్ముతాడు.

కొత్తది వచ్చేదాకా బండి ఎలా నడపాలంటే, హైవే మీద సీసీఎస్ 2 అనే రకం గన్ను ఉన్న ఫాస్ట్ చార్జర్ల దగ్గర నింపుకోండి, వాటికి మీ అడాప్టర్‌తో పనిలేదు, గన్ను వాళ్ళదే. ఇంట్లో వాల్ బాక్స్, అంటే గోడకి బిగించిన చార్జర్, ఉన్న తెలిసినోళ్ళు ఉంటే అక్కడ పెట్టుకోండి. కంపెనీ రాతపూర్వకంగా "కరెంటు తగ్గించి వాడొచ్చు" అంటేనే తగ్గించి వాడండి, మీ అంతట మీరు పది యాంప్స్‌కి దించేసి బాగానే ఉందిలే అనుకోకండి.

సాకెట్ సంగతి మర్చిపోతే చేసిందంతా వృథా

కాలిన పిన్నుతో పాటు సాకెట్ లోపలి రేకు కూడా వేడికి మెత్తబడి పట్టు పోయి ఉంటుంది. కొత్త అడాప్టర్ తెచ్చి ఆ సాకెట్‌లోనే పెడితే కొత్తదీ కాలిపోతుంది, అప్పుడు కంపెనీ వాడు మీ ఇంటి వైరింగ్ మీదకి తోసేస్తాడు, అందులో తప్పూ లేదు. మంచి 16 యాంప్స్ సాకెట్, మీటర్ నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ, 30 మిల్లీ యాంప్స్ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) వేయించండి. శాంక్షన్ లోడ్, అంటే మీ మీటర్‌కి ఇచ్చిన లోడ్, తక్కువుంటే కరెంటు ఆఫీసులో, మనకి టీపీఎస్ఓడీఎల్, పెంచమని దరఖాస్తు పెట్టండి.

ఎర్తింగ్ గురించి మాత్రం గట్టిగా చెప్తాను. మన వైపు పాత ఇళ్ళల్లో ఎర్త్ పేరుకే ఉంటుంది, చార్జర్ ఇటుక మీద ఎర్ర లైటు వెలుగుతుంది, చార్జ్ కాదు. అప్పుడు కొంతమంది ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేసి "అయిపోయింది సార్" అంటారు, లైటు పచ్చగా మారుతుంది, మనం సంబరపడతాం. ఏదో రోజు న్యూట్రల్ తెగితే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది, వానలో చెప్పుల్లేకుండా వచ్చి డోర్ పట్టుకునేది మీ పిల్లలే. ఎర్ర లైటు చార్జర్ జబ్బు కాదు, మీ ఇంటి జబ్బు చెప్తోంది, గుంట తవ్వి సరైన ఎర్త్ వేయించండి.

కంపెనీ కాదంటే

ముందు కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కి ఫొటోలు, నంబర్లు అన్నీ పెట్టి రాసి, టికెట్ నంబర్ దాచుకోండి. పలక్కపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915, చాలా పనులు ఇక్కడే తేలిపోతాయి. కారుతో వచ్చిన సామానైతే పరివాహన్ సైట్‌లో వెహికల్ రీకాల్ పోర్టల్ ఉంది, అక్కడ లోపం నమోదు చెయ్యండి. 2021 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ అమల్లో ఉంది, ఏడేళ్ళ లోపు బండ్లకి లోపం మీద తగినన్ని ఫిర్యాదులు పడితే ప్రభుత్వమే రీకాల్ చెయ్యమని ఆదేశించొచ్చు. మీ ఒక్కరి ఫిర్యాదుతో రేపే ఏదో అయిపోదు, కానీ లెక్కలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు పెట్టాలి కదా.

ఆఖరిది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు, కారు విశాఖలో కొన్నా రాయగడలో వెయ్యొచ్చు, ఐదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. "మీరు మా దగ్గర కొనలేదు కదా" అని కంపెనీ అంటుంది, ప్రొడక్ట్ లయబిలిటీ అనే భాగం అందుకే పెట్టారు, లోపం ఉన్న వస్తువు వల్ల మీకో మీ ఆస్తికో నష్టం జరిగితే తయారీదారుడు బాధ్యుడు. ఒక మెలిక ఉంది, ఆ లెక్కలో గోడ, సాకెట్, ఒంటి మీద కాలిన గాయం వస్తాయి గానీ పాడైన అడాప్టర్ ఖరీదు రాదు.

మా బావమరిదికి కొత్త తోక ముక్క పంతొమ్మిది రోజులకి వచ్చింది. పాత జాబ్ కార్డ్, ఫొటోలు, కొత్త సీరియల్ నంబర్, కంపెనీ మెయిల్ అన్నీ ఒక కవర్లో పెట్టి డ్యాష్‌బోర్డ్ డ్రాలో పడేశాడు, పైన స్కెచ్ పెన్నుతో "బండి అమ్మితే ఇది కూడా ఇవ్వాలి" అని రాశాడు, ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి.